పంతంగి నుంచి సూర్యాపేట దాకా ఒకటే గోల

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తున్నాం, పంతంగి టోల్ దాటగానే నేను ఐసిస్ అనే అమెరికన్ మెటల్ బ్యాండ్‌ది పనాప్టికాన్ ఆల్బమ్ పెట్టాను. 2004లో వచ్చింది, ఏడు పాటలు, దాదాపు గంట, సూర్యాపేట దగ్గరికొచ్చేసరికి అయిపోయింది. బావ డ్రైవ్ చేస్తూ ఒక్కసారి కూడా ఆపమనలేదు, అది మాత్రం మెచ్చుకోవాలి. అక్క వెనక సీట్లో నిద్రపోయింది, ఆ సౌండ్‌లో ఎలా పట్టిందో ఆ దేవుడికే తెలియాలి. టీకి ఆగాక మొదలైంది అసలు కథ, ఇందులో బామ్మర్ది నేనే.

బావ: ముందు ఆ పేరేంట్రా బాబూ, చెకింగ్‌లో ఎవడైనా స్క్రీన్ చూశాడంటే దింపి పక్కన కూర్చోబెడతాడు.

బామ్మర్ది: అది ఈజిప్టు దేవత పేరు బావా. వీళ్ళు 1997లో బోస్టన్‌లో మొదలెట్టి 2010లో ఆపేశారు, నువ్వనుకునే ఆ ఉగ్రవాదుల ఐసిస్ పేరు టీవీల్లో మోగింది ఆ తర్వాతే. పాపం బ్యాండ్ లేకపోయినా ఫేస్‌బుక్ పేజీకి "ఐసిస్ ది బ్యాండ్" అని తగిలించుకోవాల్సొచ్చింది.

బావ: సర్లే. నా బాధ ఒక్కటే. మెత్తగా టుంగు టుంగుమని వాయిస్తాడు వాయిస్తాడు, కాస్త ఒళ్ళు వదులయ్యే టైముకి తెచ్చి నెత్తిన బండ పడేస్తాడు. మళ్ళీ మెత్తగా, మళ్ళీ బండ. ఏడు పాటలూ ఇంతే కదా, ఇందులో ఏడు పేర్లు ఎందుకు, ఒకటి, రెండు అని నంబర్లేస్తే పోయేది.

బామ్మర్ది: ఏడూ ఒకటి కాదు. మొదటి పాట గుర్తు తెచ్చుకో, అది మెత్తగా మొదలవ్వదు, డైరెక్టుగా అరుపుతోనే మొదలు. మూడోది "ఇన్ ఫిక్షన్" ఉందే, అందులో బేస్ గిటార్ ముందు నడుస్తుంది, గిటార్లు దాని వెనక పొగమంచులాగా చేరతాయి. మామూలు మెటల్ బ్యాండ్లలో బేస్ వాయించేవాణ్ణి ఎవడు పట్టించుకుంటాడు చెప్పు, ఇక్కడ జెఫ్ కాక్సైడ్ బేస్ తీసేస్తే పాటే లేదు.

బావ: బేస్ బాగుంది, కాదన్లేదు. నా కార్ స్పీకర్లు తట్టుకున్నాయి, అదీ సంతోషం. కానీ ఈ బరువెందుకురా అంత? ఎద్దులబండి బురదలో దిగబడ్డట్టు.

బామ్మర్ది: ఆ బరువు డూమ్ నుంచి వచ్చింది, అంటే నెమ్మదిగా బరువుగా సాగే మెటల్, డూమ్ అంతా బ్లాక్ సబాత్ బ్యాండ్ చలవే. వాళ్ళ గిటారిస్టు టోనీ అయోమీకి పదిహేడేళ్ళప్పుడు బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి, నొప్పి తగ్గాలని సన్న తీగలు వేసుకున్నాడు, తర్వాత శ్రుతి కూడా దించాడు, ఆ దించిన సౌండే ఇంతమందికి తిండి పెడుతోంది. ఇంకోవైపు పోస్ట్ రాక్‌వాళ్ళు, గిటార్‌ని పాట కోసం కాకుండా ఒక వాతావరణం కోసం వాయించేవాళ్ళు. ఈ రెండిటినీ కలపొచ్చని అమెరికాలో ఓక్లాండ్ వాళ్ళు, న్యూరోసిస్ అనే బ్యాండ్, ముందే దారి వేశారు, ఐసిస్ ఆ దారిలో వచ్చి కాస్త వెలుతురు పెట్టింది.

బావ: ఇప్పుడు ఇది మన ఆలాపన లాంటిదే అంటావు చూడు, ముందే చెప్తున్నా ఒప్పుకోను. ఆలాపనలో గాయకుడు ఒక్కో స్వరం విప్పుకుంటూ పోతాడు, రాగం మొహం కనిపిస్తుంది. వీడు ఒకే ముక్క పట్టుకుని నాలుగు నిమిషాలు తిప్పుతాడు.

బామ్మర్ది: ఆలాపన అని నేను అన్లేదుగా! అంటే డప్పు అంటాను. ఊళ్ళో డప్పు వాయించేవాడు దెబ్బ మార్చకుండా ఎంతసేపు కొడతాడు, జనం చుట్టూ చేరాక ఒక్క దెబ్బ ఎక్కువ వేస్తాడు, అక్కడ కాలు కదులుతుంది. ఆరన్ హ్యారిస్ డ్రమ్స్ మళ్ళీ విను, ప్రతి రౌండ్‌లో ఏదో ఒకటి మారుతూనే ఉంటుంది.

బావ: సరే ఆ అరుపుల సంగతి? ఒక్క ముక్క అర్థమైందా నీకు?

బామ్మర్ది: లేదు. చదువుకున్నాను.

బావ: అదీ! చదువుకోవాల్సిన పాట పాటెలా అవుతుంది?

బామ్మర్ది: దీని వెనక ఒక జైలు కథ ఉంది విను. 1791లో జెరెమీ బెంథామ్ అని ఇంగ్లండాయన ఒక జైలు ప్లాన్ అచ్చేశాడు, గుండ్రంగా గదులు, మధ్యలో ఒక టవర్. టవర్లో కాపలావాడు ఉన్నాడో లేడో ఖైదీలకి కనపడదు, అందుకని ఎవరూ లేకపోయినా అందరూ బుద్ధిగా ఉంటారు. దాని పేరే పనాప్టికాన్. 1975లో ఫూకో అనే ఫ్రెంచాయన దాన్నే పట్టుకుని, మనం బతికేదీ ఇలాగే అన్నాడు. ఆల్బమ్ అంతా ఆ గోలే.

బావ: మంచి టాపిక్కే. మరి అర్థమయ్యేలా పాడొచ్చుగా? గోడ మీద నినాదం రాసి దాని మీద సున్నం కొట్టినట్టుంది.

బామ్మర్ది: నకిరేకల్ దాటాక స్పీడ్ కెమెరా బోర్డు చూసి బ్రేక్ తొక్కావు గుర్తుందా? అక్కడ కెమెరా పనిచేస్తుందో లేదో నీకు తెలుసా?

బావ: తెలీదు.

బామ్మర్ది: మరి? ఈ మెత్తటి భాగాలు కూడా అంతే బావా. మొదటి పాటలోనే ఒక దెబ్బ తిన్నావు, ఇక ఆ తర్వాత గిటార్ ఎంత హాయిగా మోగినా నువ్వు హాయిగా ఉండలేవు, ఎప్పుడు పడుతుందో అని భుజాలు బిగబట్టే ఉంటాయి. ఆ టవర్ గురించి పాడక్కర్లేదు, నిన్ను తీసుకెళ్ళి అందులో కూర్చోబెట్టారు.

బావ: (టీ గ్లాసు పక్కన పెట్టి) మాట బాగానే చెప్పావు. కానీ రెండోసారి వింటే దెబ్బ ఎక్కడ పడుతుందో తెలిసిపోతుందిగా, అప్పుడు టవర్ ఖాళీ.

బామ్మర్ది: నెలకోసారి ఇదే రోడ్డు మీద వెళ్తావు, ఆ కెమెరా ఎక్కడుందో తెలుసు, అయినా బ్రేక్ వేస్తూనే ఉన్నావుగా.

బావ: ఫైన్ పడుతుందని వేస్తాను రా! ఇక్కడ నాకేం ఫైను? నచ్చకపోతే ఆపేస్తాను, ఏ ఖైదీకి ఆ సుఖం ఉంది?

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇంకో టీ చెప్పాను.

బావ: ఆ ఆరోది మాత్రం బాగుంది, ఎవడూ అరవలేదు.

బామ్మర్ది: "ఆల్టర్డ్ కోర్స్". దాంట్లో బేస్‌కి టూల్ అనే ఇంకో బ్యాండ్‌లో వాయించే జస్టిన్ ఛాన్సెలర్ కూడా వచ్చి వాయించాడు.

బావ: ఎవరైతేనేం, నోరు మూసుకున్నారు, బాగుపడ్డారు. అది మళ్ళీ పెట్టు, అయ్యాక కోదాడ దాకా నా పాటలు, మారు మాట్లాడకు.

బామ్మర్ది: పది నిమిషాలుంటుంది, పర్లేదా?

బావ: ఉండనీ. ఏడోది మొదలవ్వకముందే మాత్రం ఆపెయ్. మళ్ళీ ఎక్కడ అరుస్తాడో అని కాచుక్కూర్చోవడం నా వల్ల కాదు.