మొదటి రోజే కొనే మహాదాతలకు

దేశంలో దానధర్మాలు అంతరించిపోయాయని వాపోయేవాళ్లు ఒకసారి బెంగళూరు మారతహళ్లి వైపు రావాలి. ఇంకా లోకంలో ఎవరూ ఆడి చూడని వీడియో గేముకు 4,999 రూపాయలు పోసి, విడుదలైన అర్ధరాత్రే కొనుక్కునే పుణ్యాత్ములు ఇక్కడ వీధికొకరు ఉన్నారు. ఆ డబ్బు పెడితే ఆంధ్రా మెస్సులో దాదాపు నెల్లాళ్లు మధ్యాహ్నం భోజనం గడిచిపోతుంది, అదీ మారు పప్పు అడిగితే మొహం మాడ్చకుండా వడ్డించే మెస్సులో. అయినా వాళ్లు గేమే కొంటారు. ఎవరి కోసం కొంటున్నారో వాళ్లకు తెలియదు. మా కోసం కొంటున్నారు.

మేమంటే ఎవరో చెప్పాలి. ముగ్గురేసి పంచుకునే పీజీ (పేయింగ్ గెస్ట్) గదుల్లో, ఇంజినీరింగ్ రెండో ఏట ప్రాజెక్టు వర్కు పేరు చెప్పి నాన్న చేత కొనిపించుకున్న ల్యాప్‌టాప్ మీద ఆడేవాళ్లం. అందులో గేము బొమ్మల్ని చకచకా గీసే గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉండదు. ప్రాజెక్టు వర్కుకు అది అక్కర్లేదని దుకాణంవాడు నాన్నకు నిజం చెప్పేశాడు. 2013లో వచ్చిన గేము మా దృష్టిలో మొన్న మొన్నటిది.

దాతల సేవ ఎంతటిదో ఒక్క ఉదాహరణతో తేలిపోతుంది. ఏళ్ల తరబడి ఊరించి ఊరించి 2020 డిసెంబరు 10న సైబర్‌పంక్ 2077 అనే గేము విడుదల చేశారు. కార్లు నేలలో దిగబడ్డాయి. పాత్రలు చేతులు రెండు పక్కలా బారజాపుకుని దిష్టిబొమ్మల్లా నిలబడిపోయాయి. టీవీకి తగిలించి ఆడే సోనీవారి గేము పెట్టె, పాత ప్లేస్టేషన్ మీద అది ఎంత అధ్వానంగా నడిచిందంటే, వారం తిరిగేసరికి సోనీ తన ఆన్‌లైన్ దుకాణంలోంచి దాన్ని తీసేసి, అడిగినవాళ్లకు డబ్బు వాపసు ఇస్తానంది. మళ్లీ అమ్మకానికి పెట్టింది 2021 జూన్‌లో. 2023 సెప్టెంబరులో 2.0 అప్‌డేట్ వచ్చాక ఆ గేమును అందరూ మెచ్చుకున్నారు. ఈలోగా ప్రతి తప్పునూ పట్టి, వీడియో తీసి, తిట్టి, కంపెనీ చేత బాగు చేయించినది ఎవరు? బెంగళూరులో సాఫ్ట్‌వేర్ తప్పులు వెతికే టెస్టింగు చేస్తే ఎవరైనా జీతం ఇస్తారు. ఎదురు కట్నం ఇచ్చి టెస్టింగు చేసినవాళ్లు చరిత్రలో వీళ్లే. 2016లో నో మ్యాన్స్ స్కై అనే గేము కొన్నవాళ్లదీ ఇదే త్యాగం. వాళ్ల గురించి విడిగా రాస్తే కన్నీళ్లు ఆగవు, వదిలేస్తున్నాను.

ఈ త్యాగాలన్నీ పూర్తయ్యాక, ధర సగానికో పావుకో దిగాక, మేము నెమ్మదిగా కాళ్లు చేతులు కడుక్కుని కూర్చుంటాం.

గేములతోనే దానం ఆగదు. క్రిప్టో నాణేలు (కంప్యూటర్ల చేత లెక్కలు చేయించి పుట్టించే డిజిటల్ డబ్బు) తవ్వి కోటీశ్వరులం అవుదామని కొందరు గ్రాఫిక్స్ కార్డులు బస్తాల లెక్కన కొన్నారు. 2022 సెప్టెంబరు 15న అలాంటి నాణెమే అయిన ఎథీరియం తన పద్ధతి మార్చుకుని, ఇక ఆ కార్డులతో పని లేదనేసింది. తెల్లారేసరికి తవ్వకం ఆగింది, కార్డులు సెకండ్ హ్యాండ్ బజారుకు నడిచాయి. కంప్యూటర్ సామాన్లు అమ్మే ఎస్‌పీ రోడ్డు సందుల్లో ఇప్పటికీ ఏ పాత కార్డు చరిత్ర అడిగినా ఒకటే సమాధానం: "సింగిల్ ఓనర్ సార్, ఆఫీసు వాడకం." రాత్రింబవళ్లు ఒళ్లు కాలేలా పనిచేసిన కార్డు అని ఫ్యాను చప్పుడే చెబుతుంది. మేము పైకి ఏమీ అనం. సంబంధం చూడ్డానికి వెళ్లినచోట అన్నీ అడగకూడదు.

ఇక శుద్ధ ఉచితం విషయం. గురువారం రాత్రి ఎనిమిదిన్నరకు మా పీజీలో భక్తి పరాకాష్ఠకు చేరుతుంది. బాబా గుడికి వెళ్లేవాళ్లు వెళ్తారు, మిగతావాళ్లం ఎపిక్ అనే గేముల ఆన్‌లైన్ దుకాణం తెరుస్తాం. వారం వారం ఉచిత గేము అక్కడ మారేది ఆ వేళకే. అమెరికావాళ్లు చలికాలంలో గడియారం వెనక్కి తిప్పుకుంటే మా ముహూర్తం తొమ్మిదిన్నరకు జరుగుతుంది. 2020 మేలో జీటీఏ 5 అనే పేరున్న గేమును ఉచితంగా ఇస్తే జనం తాకిడికి ఆ సైటే గంటల తరబడి పడకేసింది. అప్పటి నుంచీ ఏ గురువారమూ తప్పలేదు మా గదిలో. తీసుకున్నవి ఆడామా అని అడిగేవాళ్లు ప్రసాదం విలువ తెలియనివాళ్లు. పైగా ఒక్కో పెద్ద గేమూ వంద జీబీ దాకా ఉంటుంది. మా పీజీ వైఫై మీద అది దిగేలోపు ఇంకో గురువారం వచ్చేస్తుంది. ఆఫీసు నెట్టు వాడుకోవచ్చా అనే ప్రశ్న ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

ఉమ్మడి కుటుంబం విచ్ఛిన్నమైందని సమాజ శాస్త్రవేత్తలు బాధపడుతున్న కాలంలో దాన్ని నిలబెట్టింది స్టీమ్ అనే ఇంకో గేముల ఆన్‌లైన్ దుకాణం. ఒకే ఇంట్లో ఉండే ఆరుగురి దాకా ఒక కుటుంబంగా చేరి ఒకరి గేములు ఒకరు ఆడుకోవచ్చు. కడప, నెల్లూరు, శ్రీకాకుళం నుంచి వచ్చి, ఇడ్లీని చట్నీలో ముంచాలా, చట్నీ మీద పోయాలా అన్నదాని మీద కూడా ఏకాభిప్రాయం లేని మేము ఈ విధంగా ఒక ఇంటివాళ్లమయ్యాం. కట్టుబాట్లూ గట్టివే. ఎవడైనా వేరుపడి వెళ్లిపోతే అతని చోటు ఏడాదిపాటు ఖాళీగా ఉండాల్సిందే. తమ్ముడి వరస అయినవాడు అన్న కొన్న గేములో మోసం చేసి పట్టుబడితే, అన్ననూ ఆ గేములోంచి వెలేస్తారు. పరువు అంటే ఏమిటో ఈ తరానికి ఇంత బాగా ఎవరూ నేర్పలేదు.

బొమ్మ నాణ్యత గురించి నొసలు చిట్లించేవాళ్లకు ఈ నగరం ఎప్పుడో జవాబు చెప్పింది: స్వల్ప అడ్జస్ట్ మాడి, అంటే కాస్త సర్దుకోండి. పది నెలల అడ్వాన్సు అడిగే ఇంటి ఓనరుతో, అవుటర్ రింగు రోడ్డుతో సర్దుకుపోయినవాడికి గేములో నీడలు తీసేయడం, గడ్డి తీసేయడం, బొమ్మ స్పష్టత (రిజల్యూషన్) 720కి దించడం ఒక లెక్కా? అన్నీ దించాక శత్రువు ముఖం కనిపించదు, నిజమే. అహింసకు దగ్గరి దారి అది.

మా మధ్యే ఒక ద్రోహి ఉన్నాడని చెప్పక తప్పదు. గేముకు రూపాయి కూడా పెట్టనని ఒట్టేసుకున్నవాడు. అతను ఆడేది ఫోన్లో తుపాకుల గేము పబ్జీకి భారతీయ అవతారమైన బీజీఎంఐ, పూర్తిగా ఉచితం. పబ్జీని 2020 సెప్టెంబరులో నిషేధించినప్పుడు ఒక పూట అన్నం మానేశాడు. 2021 జులైలో ఇది వచ్చాక కోలుకున్నాడు. ఇప్పుడు తుపాకీకి రంగు, చొక్కాకు మెరుపు, హెల్మెట్‌కు కొమ్ములు అంటూ ఆ గేములో చెల్లే డబ్బు, యూసీ కొంటూనే ఉన్నాడు. ఆ రంగు తుపాకీతో పేల్చినా తూటా అంతే తగులుతుంది. "రంగుకేగా మామా, గేము ఫ్రీనే కదా" అంటాడు. మేము పదేళ్లు ఓపిక పట్టి మిగుల్చుకున్నదంతా వాడు ఒక పండగ ఆఫరులో కొమ్ములకు పోశాడు. దాతల జాబితాలో వాడిని చేర్చమని కొందరు సిఫార్సు చేశారు. కొమ్ముల వల్ల మాకు ఒరిగేదేమీ లేదు గనుక తిరస్కరించడమైనది.

జాబితా అంటే, సన్మానం జాబితా. పూర్తి ధర పెట్టి మొదటి రోజే కొనే మహాదాతలను పిలిచి, శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి పంపాలని మా గది ఏకగ్రీవంగా తీర్మానించింది. వేదిక పీజీ డాబా. ఆరిన బట్టలు ఆ సాయంత్రానికి తీసేయాలని ఓనరు అంకుల్ షరతు పెట్టారు. 2021 ఫిబ్రవరిలో 49,990 పెట్టి కొత్త ప్లేస్టేషన్ అయిన పీఎస్5 మొదటి విడతలోనే తీసుకున్న పై అంతస్తు అన్న ముఖ్య అతిథి. దాన్ని ఎప్పుడు అమ్ముతాడో మర్యాదగా కనుక్కునే బాధ్యత నాకు అప్పగించారు.

సన్మానానికి ముహూర్తం ఆషాఢంలో పెట్టాం. శాలువాల మీద డిస్కౌంటు అప్పుడే కదా. ఆషాఢంలో శుభకార్యాలేమిటని ఒక సభ్యుడు గట్టిగా అడ్డం తిరిగాడు. పోయిన మాఘంలో పెళ్లయి, వేరే కాపురం పెట్టినా మా స్టీమ్ కుటుంబంలో చోటు వదులుకోనివాడు. అంత సంప్రదాయం అతనిలో ఉందని మాకెవరికీ తెలియదు. కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి బయటపడింది. స్టీమ్ సమ్మర్ సేల్ జూన్ చివర్లో మొదలై రెండు వారాలు ఉంటుంది. 2025లో అయితే అదీ ఆషాఢమూ జూన్ 26నే మొదలయ్యాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే భార్య పుట్టింటికి వెళ్తోందట. సన్మానాలు, సభలు, ముఖ్య అతిథులు అంటూ ఆ రెండు వారాల్లో తన తలుపు ఎవరూ తట్టొద్దని చేతులు జోడించాడు.