అక్కడ చౌర్యం, ఇక్కడ అసైన్‌మెంటా?

పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసంలో 10 శాతానికి మించి ఇతరుల రాతలు కనబడితే విశ్వవిద్యాలయం ఊరుకోదు. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం పోలిక 40 శాతం వరకు ఉంటే ఆరు నెలల్లోగా తిరగరాసి ఇవ్వాలి. 60 దాకా పోతే ఏడాదిపాటు సమర్పించే వీలే లేదు. అదీ దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. అదే భవనం కింది అంతస్తులోని కంప్యూటర్ ల్యాబులో మాత్రం డిగ్రీ విద్యార్థికి వేరే న్యాయం. సెమిస్టర్ ముగిసేలోగా వికీపీడియాలో ఐదు వ్యాసాలు ఎక్కించు, ఇంటర్నల్ మార్కులు వేస్తామంటారు. దేన్ని చూసి రాయాలో చెప్పరు, ఎలా రాయాలో చూపించరు. గూగుల్‌లో దొరికిన పేరాలు తెచ్చి అతికించడం తప్ప ఆ విద్యార్థికి మరో దారేముంది? పై అంతస్తులో చౌర్యమైనది కింద ప్రాజెక్టు ఎలా అయింది?

దీని పర్యవసానం 2011లోనే పుణెలో తేలిపోయింది. అంతకు ముందు ఏడాది అమెరికా విశ్వవిద్యాలయాల్లో మొదలైన, తరగతి పనిగా వికీపీడియా వ్యాసాలు రాయించే పద్ధతిని వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ పుణె కళాశాలలకు తెచ్చింది. వందలాది విద్యార్థులు ఇంగ్లిష్ వికీపీడియా మీదికి ఒక్కసారిగా వచ్చిపడ్డారు. వారికి నేర్పాల్సిన క్యాంపస్ అంబాసిడర్లలో చాలామందికి ఆ పనిలో అనుభవం అంతంతమాత్రం. పుస్తకాలు, వెబ్‌సైట్లలోని పేరాలకు పేరాలు యథాతథంగా వ్యాసాలైపోయాయి. నవంబరుకల్లా పథకం ఆగింది. ఆ చెత్త ఎత్తిపోసింది మాత్రం జీతం భత్యం లేని స్వచ్ఛంద సంపాదకులు. ఒక్కో విద్యార్థి ఖాతా చూసి, ఒక్కో మార్పూ వెతికి తీసేయాల్సి వచ్చింది.

విద్యార్థులు తప్పులు చేస్తూనే నేర్చుకుంటారనీ, తెలుగులో వ్యాసాల సంఖ్య పెరుగుతుంది కదా అనీ కొందరంటారు. సంఖ్య పెరుగుతుంది, నిజమే. తెలుగు విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్న కొమర్రాజు లక్ష్మణరావు మూడు సంపుటాలు తెచ్చి, అకారం దాటకుండానే 1923లో కన్నుమూశారు. ఇప్పుడు అరవై మంది తరగతి ఒక్క రాత్రిలో అరవై వ్యాసాలు దింపేస్తోంది. వాటిని తెరిచి చూడండి, యంత్రానువాదం పుణ్యమే అంతా. అణు విద్యుత్ ప్లాంటు కాస్తా ‘అణు విద్యుత్ మొక్క’ అయి ఉంటుంది. నదికి ‘ఎడమ బ్యాంకు’ వెలుస్తుంది. సినిమా ఎవరో ఒకరి ‘ద్వారా దర్శకత్వం వహించబడుతుంది’. తెలుగు వికీపీడియాలో కొత్త దిద్దుబాట్లన్నీ కనబడే ‘ఇటీవలి మార్పులు’ పేజీని రోజూ కాపు కాసేవారు కొద్దిమందే. ఆ ఒక్క రాత్రి పంట దిద్దడానికి వారికి నెల పడుతుంది.

ఇంగ్లిష్ వికీ వ్యాసాన్ని తెలుగు చేయడం తప్పు కాదు. మూల వ్యాసం ఏదో చెబితే చాలు, వికీపీడియా రాతలకు వర్తించే సీసీ బై-ఎస్ఏ లైసెన్సు అందుకు ఒప్పుకుంటుంది. పత్రికా కథనానికి, పాఠ్యపుస్తకానికి ఆ వెసులుబాటు లేదు, నాలుగు మాటలు అటూ ఇటూ మార్చినా లేదు. గంటలో చెప్పగల పాఠమిది. చెప్పాల్సిన వారికి ఆ గంట దొరకదు.

ఇక మార్కుల కొలత మరీ విడ్డూరం. ఎవరు ఎన్ని బైట్లు (కంప్యూటర్‌లో రాత పరిమాణాన్ని కొలిచే ప్రమాణం) చేర్చారో చూసి వేస్తున్నారు. తెలుగులో ఒక్కో అక్షర సంకేతానికి మూడు బైట్లు. ‘అమ్మ’ అంటే 12 బైట్లు, దానికి సరిపడే ఇంగ్లిష్ మాటకు ఆరే. ‘చరిత్ర’ పేజీలో ఆకుపచ్చ రంగులో 9,000 అని కనబడగానే అధ్యాపకులు మురిసిపోతారు. అదంతా కలిపితే మూడొందల పైచిలుకు మాటలు! కొత్త ఖాతా, గడువుకు ఇరవై నిమిషాల ముందు ఒకే ఒక్క మార్పు, అదీ 9,000 బైట్లది, కింద ఒక్క మూలమూ లేదు. ఇది అతికింపేనని పోల్చుకోవడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కూర్చుని రాసినవారి చరిత్రలో పాతిక ముప్పై చిన్న మార్పులుంటాయి, కొట్టివేతల ఎర్ర అంకెలుంటాయి.

శిక్షణ పేరిట జరిగే ఒక్కరోజు తంతు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒకే ఐపీ చిరునామా (ఇంటర్నెట్ కనెక్షన్ గుర్తింపు సంఖ్య) నుంచి 24 గంటల్లో ఆరు ఖాతాలకు మించి తెరవనివ్వరు. ల్యాబులోని కంప్యూటర్లన్నిటికీ సాధారణంగా ఒకే చిరునామా కాబట్టి ఏడో విద్యార్థి దగ్గరే బండి ఆగిపోతుంది. మినహాయింపు ముందుగా అడగాలి, లేదా ఇళ్ల దగ్గరే ఖాతాలు తెరుచుకుని రమ్మనాలి. ఈ మాత్రం తెలియకుండానే బ్యానర్ కట్టి, గ్రూపు ఫొటో దిగి, కళాశాలకు గ్రేడు ఇచ్చే న్యాక్ కోసం ఫైల్లో పెట్టి మమ అనిపిస్తున్నారు.

చేసే ఉద్దేశమే ఉంటే పద్ధతి ఉంది. ముందుగా తెలుగు వికీపీడియా సంపాదకులు చర్చించుకునే ‘రచ్చబండ’ పేజీలో కబురు పెట్టాలి. అధ్యాపకులు తామూ ఖాతా తెరిచి పదిరోజులైనా దిద్దుబాట్లు చేయాలి. విద్యార్థుల చేత మొదటి రెండు వారాలు పాత వ్యాసాల్లో అచ్చుతప్పులే దిద్దించాలి. తర్వాత మూలం లేని ఒక వాక్యం ఇచ్చి, గ్రంథాలయంలో పుస్తకం వెతికించి, పేజీ సంఖ్యతో సహా మూలం చేర్పించాలి. అసలైన పాఠం ఇదే. సగం మంది ఇక్కడే తడబడతారు, ఎందుకంటే పుస్తకం తెరిచి ఒక వాక్యానికి ఆధారం వెతకడం వారికి అంతవరకు ఎవరూ నేర్పలేదు. ఆపైన సెమిస్టర్‌కు మనిషికి ఒక్క వ్యాసం, అదీ విద్యార్థి సొంత చిత్తుప్రతి పేజీ అయిన ‘ప్రయోగశాల’లో. తోటి విద్యార్థి చదివాక, అధ్యాపకులు పుస్తకం పక్కన పెట్టుకుని రెండు మూలాలైనా సరిచూశాకే దాన్ని అసలు వికీపీడియా వ్యాసాల్లోకి తరలించాలి. చర్చా పేజీలో వచ్చిన ప్రశ్నకు విద్యార్థి ఏం బదులిచ్చాడో చూసి మార్కులు వేయాలి. అరవై మందికి ఇదంతా కుదరకపోతే ఇరవై మందితో చేయాలి.

ఆచార్యులవారు ఈసారి మార్కుల జాబితా పంపేముందు, పరిశోధకుల సిద్ధాంత వ్యాసాలు తూచే అదే తక్కెడలో, అంటే పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్‌లో, తమ తరగతి వికీ వ్యాసాలనూ వేసి చూడాలి. యంత్రానువాదం ఆ తక్కెడకు అందదు కాబట్టి దాన్ని కళ్లతోనే చదవాలి. 10 శాతం దాటినవాటిని తామే కూర్చుని తిరగరాయించాలి, కాదంటే వ్యాసాన్ని తీసేయమని కోరే ‘తొలగింపు మూస’ పెట్టాలి. అంత తీరిక లేదంటారా? మరి అరవై మందికి ఐదేసి వ్యాసాలు పురమాయించే తీరిక ఎక్కడిది?