క్రియకి రెండో సీటు

(శ్రీకాకుళం. ఏడురోడ్ల జంక్షన్‌కి నాలుగు వీధుల అవతల డాబా ఇల్లు. సంక్రాంతి వెళ్ళి వారమైంది, అరిసెల డబ్బా అడుగు ఇంకా కనబడలేదు. సూర్నారాయణ ఆర్టీసీ కండక్టరుగా రిటైరయ్యాడు. వరలక్ష్మిది కాకినాడ. తెలుగు టీచరుగా రిటైరైంది, మొగుడి యాస దిద్దే ఉద్యోగం మాత్రం ముప్ఫై ఎనిమిదేళ్ళుగా నడుస్తూనే ఉంది. కొడుకు కుటుంబం నార్వేలో, ట్రోన్‌హైమ్‌లో. ఆ ఊరి పేరు రాతలో ‘డి’ ఉంటుంది, నోట్లో ఉండదు. తెలుగు వింటే నార్వీజియన్‌లో జవాబిచ్చే నాలుగేళ్ళ మనవడు జూన్ ఆఖరుకి వస్తున్నాడు.)

వరలక్ష్మి: ఏవండీ! ఫోను పట్టుకుని స్టవ్ పక్కనే నిలబడ్డారు, పాలు పొంగిపోతుంటే కనబడదా?

సూర్నారాయణ: (స్టవ్ కట్టేసి) తాక్!

వరలక్ష్మి: పాలు పొంగితే పైకప్పు అంటారేమిటి?

సూర్నారాయణ: పైకప్పేటి? థాంక్స్ సెప్పినాను. నార్వే బాసలో.

వరలక్ష్మి: థాంక్స్ అయితే ‘తక్క్’. అచ్చు పొట్టిగా, హల్లు ఒత్తి. సాగదీసి ‘తాక్’ అంటే ఇంటి కప్పు. రాతలోనే చెప్పేస్తారు కదా, చివర కె ఒకటే ఉంటే అచ్చుకి దీర్ఘం, రెండుంటే పొట్టి. చివర ఎమ్ వచ్చినప్పుడు మాత్రం రెట్టింపు రాయరు, అది గుర్తుంచుకోవాలి. కల, కాల తేడా పుట్టుకతో తెలిసిన నోరు మీది. ఇంగ్లీషువాళ్ళు తడబడితే అర్థముంది, మీకేం వచ్చింది?

సూర్నారాయణ: నాకేటి రాలేదు. అదే నా బాధ. మూడు వారాలు రోజుకి యాభై కొత్త పదాలు పెట్టీసినాను. ఇప్పుడు ఆ పదాల్ని మళ్ళీ మళ్ళీ అడిగే కార్డుల ఆప్ తెరిస్తే పాతవే రెండొందలు కూకున్నాయి. ఒగ్గీసినాను.

వరలక్ష్మి: అది అప్పండీ. ఇవాళ తీసుకున్న పదం రేపొకసారి వాయిదాకి వస్తుంది, మూడు నాలుగు రోజులకి ఇంకోసారి, ఆ తర్వాత వారం పైన ఒకసారి. మరిచిపోయారా, మళ్ళీ మొదటి నుంచి. రోజూ యాభై అప్పులు చేస్తే వాయిదాలు గుమ్మంలో నిలబడవూ? కొత్తవి పూర్తిగా ఆపండి. రోజూ ఇరవై నిమిషాలు పాతవి తీర్చండి. కుప్ప ముప్ఫైకి దిగాక రోజుకి ఏడే కొత్తవి.

సూర్నారాయణ: ఏడేటి? పప్పులోకి పోపు గింజలా?

వరలక్ష్మి: జూన్ ఆఖరుకి నూట యాభై రోజుల పైన ఉంది. ఏడేసి చొప్పున వెయ్యి దాటుతాయి. నాలుగేళ్ళ పిల్లాడితో మాట్లాడటానికి అది చాలా ఎక్కువ. ఇంకోటి, మీ కార్డులు చూశాను. ‘హూస్’ ఇల్లు, ‘బూక్’ పుస్తకం అని ఒంటి పదాలు పెట్టారు. దాని ముందు ముక్క ఏది?

సూర్నారాయణ: ముందు ముక్కేటి?

వరలక్ష్మి: ఏటి కాదు, ఏమిటి. ‘ఎత్ హూస్’, ‘ఎన్ బీల్’, ‘ఐ బూక్’. ఇల్లు, కారు, పుస్తకం, మూడూ మూడు లింగాలు. ‘ఆ ఇల్లు’ అనాలంటే ముందున్న ముక్క పోయి వెనక్కి అతుక్కుంటుంది. హూస్ కాస్తా హూసె, బీల్ కాస్తా బీలెన్, బూక్ కాస్తా బూకా. ముందు ముక్క తెలియకపోతే వెనక ఏం అతికిస్తారు? మరీ బద్ధకమైతే ‘ఐ’ ఒదిలేసి ‘ఎన్’తో బండి లాగొచ్చు, బూక్మోల్‌లో అదీ ఒప్పే.

సూర్నారాయణ: బూక్మోల్ అంటే మనం నేర్సుకునే రాత. ఇంకోటుంది, నీనొష్క్. అది ముట్టుకోను.

వరలక్ష్మి: ముట్టుకోకండి. 1885 నుంచీ రెండింటికీ సమాన హోదా. మొదలెట్టేవాడు ఒకదాన్నే పట్టుకోవాలి. ఆప్‌లూ వ్యాకరణ పుస్తకాలూ ఎక్కువ బూక్మోల్‌లోనే దొరుకుతాయి.

(ఇక్కడ ఒక మాట. సూర్నారాయణ పదాలన్నీ కళ్ళతో నేర్చుకున్నాడు. నార్వీజియన్‌లో అది గోతిలో పడ్డట్టే.)

సూర్నారాయణ: అబ్బాయికి ఫోను సేసి ‘గోద్ దాగ్’ అన్నాను. పక్కున నవ్వీసినాడు.

వరలక్ష్మి: ‘గూ దాగ్’. చివరి డి రాయడానికే. ‘హుండ్’ అని రాస్తే ‘హున్’, కుక్క. ‘దెత్’ అని రాస్తే ‘దె’. హెచ్, వి పక్కపక్కన ఉంటే హెచ్ మౌనవ్రతం. అందుకే ముందు చెవి, తర్వాత కన్ను. కార్డులో శబ్దం లేకపోతే ఆ కార్డు చేర్చనే వద్దు. ఒక వాక్యం విని, ఆపి, అదే లయలో మూడుసార్లు అనాలి.

సూర్నారాయణ: లయేటి, పాటా?

వరలక్ష్మి: పాటే. వాళ్ళ భాషలో ‘రైతులు’ అనే మాటకీ ‘చిక్కుళ్ళు’ అనే మాటకీ ఒకటే కూత, తేడా రాగంలోనే. అది తర్వాత సంగతి. ముందు వాళ్ళ అక్షరమాలలో æ, ø, å అని ఉన్న మూడు కొత్త అచ్చులు చూడండి. ø కోసం నోరు ‘ఏ’కి పెట్టి పెదాలు ‘ఓ’కి చుట్టండి.

సూర్నారాయణ: (చుట్టి) ఓలమ్మో, అద్దంలో సూసుకుంటే చేప లాగున్నాను.

వరలక్ష్మి: అదే కావాల్సింది.

సూర్నారాయణ: మరి నేను నీకు ‘గిఫ్టు’ అన్నానా, ఎందుకు మొహం అలగ పెట్టినావు?

వరలక్ష్మి: పలకడం ‘యిఫ్త్’. ‘ఇ’ ముందు ‘గ’ వస్తే ‘య’ అవుతుంది. దానికి రెండర్థాలు. ఒకటి, పెళ్ళైన. రెండోది, విషం.

సూర్నారాయణ: ఇస్సి! ఆ బాస ఎవడు సేసినాడో గాని అనుభవస్తుడు.

వరలక్ష్మి: దూ!

సూర్నారాయణ: థూ అంటావేటే నన్ను?

వరలక్ష్మి: ‘దూ’ అన్నాను. అంటే ‘నువ్వు’. వాళ్ళకి మీరు, తమరు లేవు. మర్యాద మాట ఒకటి ఉండేది గానీ మామూలు మాటల్లోంచి పోయింది. టీచరుకీ దూనే, మొగుడికీ దూనే. ముప్ఫై ఎనిమిదేళ్ళ తర్వాత నోరారా అంటున్నాను, అననివ్వండి.

సూర్నారాయణ: (అరిసె తీసి) ఇ దాగ్ యై స్పీసెర్ అరిసె. ఇవాళ నేను అరిసె తింతన్నాను.

వరలక్ష్మి: తప్పు. ‘ఇ దాగ్ స్పీసెర్ యై’. మనకి క్రియ చివర్న, ఇంగ్లీషులో కర్త వెనకాల. వాళ్ళకి మామూలు వాక్యంలో క్రియ రెండో చోటనే ఉండాలి.

సూర్నారాయణ: ఎందుకుండాలి?

వరలక్ష్మి: మీ బస్సు భాషలో చెప్పనా? రెండో సీటు క్రియకి రిజర్వేషన్. మొదటి సీట్లో ‘నేను’ కూర్చుంటే సరే. ‘ఇవాళ’ ముందెక్కి కూర్చుంటే ‘నేను’ లేచి క్రియ వెనక్కి వెళ్ళాలి. క్రియ మాత్రం కదలదు.

సూర్నారాయణ: ఆఁ! అలగ సెప్పాలి. పాలకొండ సర్వీసులో లేడీస్ సీటు లాగ. ‘ఇ దాగ్ స్పీసెర్ యై అరిసె.’ బేగి వచ్చీసింది సూడు. మరి నేనైతే స్పీసెర్, నువ్వైతే ఏటి?

వరలక్ష్మి: అదే స్పీసెర్. ఆయన, ఆవిడ, వాళ్ళు, అందరికీ అదే. తింటాను, తింటావు, తింటాడు గోల లేదు.

సూర్నారాయణ: ఇంత సులువైతే నాకు బుద్ది ఎందుకు పుట్టదే?

వరలక్ష్మి: బుద్ధి పుట్టాక కూర్చుందామంటే పుట్టదు. రోజూ మానకుండా చేసే పనికి దీన్ని ముడెయ్యాలి.

సూర్నారాయణ: పాలకి ముడేసినాను కదా. పొంగీసినాయి.

వరలక్ష్మి: పాలకి కాదు. మనం రోజూ మానకుండా చేసేది ఏమిటి?

సూర్నారాయణ: (ఆలోచించి) దెబ్బలాట.

వరలక్ష్మి: దానికే. (డెబ్భై రెండు పేజీల నోటుబుక్కు తీసి) వారం రోజులు మనం అనుకున్న మాటలు రాశాను. కళ్ళజోడెక్కడ, ఫ్యాను ఎవరు వదిలేశారు, నేనలా అనలేదు, అది నిజం కాదు, మళ్ళీ తిన్నారా. తిప్పితిప్పి కొడితే నలభై వాక్యాలు. రోజూ పొద్దున్న ఐదు వాక్యాలు నార్వీజియన్‌లోనే. జ్వరమొచ్చిన రోజు ఒక్కటి చాలు. ఒక రోజు తప్పితే ఫర్వాలేదు, రెండో రోజు తప్పకూడదు. ఆదివారం మీ గొంతు రికార్డు చేస్తాను. నెల పోయాక పాతది విందురు గాని, అప్పుడు తెలుస్తుంది ఎంత దూరం వచ్చారో.

సూర్నారాయణ: ఇంకో ఆప్‌లో, ఆ డ్యుయోలింగోలో, పచ్చ గుడ్లగూబ అరవై ఒక్క రోజులు వరసగా సేసినానని మెచ్చుకుంది మరి?

వరలక్ష్మి: పొద్దున్నే గుడ్లగూబ మొహం చూడొద్దని ఎన్నిసార్లు చెప్పాను! అరవై ఒక్క రోజులూ మొదటి పాఠమే చేశారు, లెక్క తెగకూడదని. టిక్కెట్టు కొట్టారు గానీ బస్సు డిపో దాటలేదు.

సూర్నారాయణ: (నోటుబుక్కు చూసి) ‘స్క్రూ ఆవ్ విఫ్తా’. ఫ్యానుకి స్క్రూ ఇప్పాలా? (లేచి స్క్రూడ్రైవరు తీస్తాడు.)

వరలక్ష్మి: కూర్చోండి! ఫ్యాను కట్టెయ్ అని. మనం ‘కట్టెయ్’ అంటే తాడుతో కడతామా? అందుకే మాటకి మాట మార్చకూడదు. ఫోనుచేత అనువాదం చేయించినా అబ్బాయికి ఒకసారి చూపించాలి. ఈ నలభై చూసి పెట్టాడు, బుజ్జిగాడి చేత అనిపించి రికార్డు కూడా పంపాడు.

(రికార్డు పెట్టింది. మనవడి గొంతు: ‘కా ఎ దె?’)

సూర్నారాయణ: ఇదేటి? పుస్తకంలో ‘వా ఆర్ దె’ అని కదా ఉంది. అది ఏటి అని.

వరలక్ష్మి: (తడబడి) వాడు... ట్రోన్‌హైమ్ వైపు ‘వా’ని ‘కా’ అంటారుట. ‘నేను’ని ‘యై’ అనకుండా, ‘బ్యాంకు’లో య తీసేస్తే మిగిలే కూత ఉంటుందే, అదొక్కటే అంటారు.

సూర్నారాయణ: టీచరు దిద్దదేటి?

వరలక్ష్మి: దిద్దదుట. మాటకి వాళ్ళకి అధికారికమైన ఒకే భాష లేదు, ఉన్నవి రాతకే. ఎవరి యాస వాళ్ళది. టీవీలో మాట్లాడినా, మంత్రి మాట్లాడినా.

సూర్నారాయణ: ఏటీ? మళ్ళీ సెప్పు.

వరలక్ష్మి: వినబడింది కదా.

సూర్నారాయణ: ‘వా’ని ‘కా’ అంటే మంత్రి. ‘ఏమిటి’ని ‘ఏటి’ అంటే నేను సదువురాని మొద్దు. ముప్ఫై ఎనిమిదేళ్ళు!

వరలక్ష్మి: అలా అనలేదు. యై హార్ ఇక్కె సాక్త్ దె.

సూర్నారాయణ: దెబ్బలాటకి మంచి వాక్యమే దొరికింది. ఇంకోటి సెప్పు. పిల్లల్ని ఏటంటారు?

వరలక్ష్మి: బార్న్.

సూర్నారాయణ: కాదు. విను. (రికార్డు మళ్ళీ పెట్టి) ‘బాణ్’. ర, న కలిస్తే ణ. ర, త కలిస్తే ట. ర, ల కలిస్తే ళ. ర, స కలిస్తే ష, అందుకే వాళ్ళ బాస పేరు ‘నోర్స్క్’ కాదు, ‘నొష్క్’. బెర్గెన్ వైపు వాళ్ళు ర గొంతులో పలుకుతారు, వాళ్ళకి రాదు. ట్రోన్‌హైమ్‌లో, ఓస్లోలో అంతా ణ, ళ. ఇవి ఇంగ్లీషువాళ్ళకి నోరు తిరగవు. మన అక్షరమాలలోనే ఉన్నాయి. తెలుగు టీచరువి, నీకెలగ తెలీలేదు?

(వరలక్ష్మి జవాబివ్వలేదు. ఆమె ఫోనులో అప్పుడే ఒక కార్డు వచ్చింది: ‘దూ హార్ రెత్త్’. సూర్నారాయణ మెడ చాచి చూశాడు.)

సూర్నారాయణ: అర్థమేటి?

వరలక్ష్మి: ... నువ్వు చెప్పిందే నిజం.

సూర్నారాయణ: పైకి సదువు.

(వరలక్ష్మి ‘మళ్ళీ’ అన్న బొత్తాం నొక్కింది.)

సూర్నారాయణ: వచ్చీసిన కార్డుకి ‘మళ్ళీ’ నొక్కుతావేటే?

వరలక్ష్మి: త ఒత్తు సరిగ్గా పలకలేదు. (లేచి, రెండో గిన్నెలో పాలు పోసి స్టవ్ వెలిగించింది.)

సూర్నారాయణ: పలక్కపోతే పది నిమిషాల్లో మళ్ళీ వస్తాదే. కూకుంటాను.