రంగు చూసి ఇనుమెంతో చెప్పే విద్య

ఖగోళ శాస్త్రజ్ఞుల మీద నాకో ఫిర్యాదుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా అత్తయ్య నలభై ఏళ్లుగా వాడుతున్న పద్ధతిని వాళ్లు మాటమాత్రమైనా చెప్పకుండా ఎత్తుకుపోయారు. పెళ్లి ఫోటోలో రంగు చూసి మనిషి జీతం, గుణం, వంశం చెప్పడం ఆవిడ విద్య. వీళ్లు నక్షత్రం రంగు చూసి దాని వేడి, సైజు, అందులో ఇనుమెంతుందో చెబుతున్నారు. పైగా దానికి మెషీన్ లెర్నింగ్ అని పేరు.

పాత పద్ధతి మర్యాదస్తులది. నక్షత్రం కాంతిని వర్ణపటంగా విడదీసి, ఏ నల్లగీత ఏ మూలకానిదో చూసేవారు. అంటే అబ్బాయి ఇంటికే వెళ్లి, కాఫీ తాగి, పక్కింటివాళ్లని కూడా వాకబు చేసి రావడం. చైనాలోని లామోస్ట్ టెలిస్కోపు ఒకేసారి 4,000 ఇళ్లకి వెళ్లగలదు. కానీ గయా వ్యోమనౌక లెక్కపెట్టిన నక్షత్రాలు దాదాపు 180 కోట్లు. ఎన్నని కాఫీలు తాగుతారు? అందుకే నాలుగైదు ఫిల్టర్లలో ఫోటోలు తీసి, ఏ రంగులో ఎంత వెలుగుందో కొలిచి, ఇదివరకు ఇంటికెళ్లి చూసొచ్చిన నక్షత్రాల వివరాలతో కంప్యూటర్‌కి పాఠం చెప్పి, మిగతావి నువ్వే చూసుకో అంటారు.

ఈ ఊహకి ఆధారం లేకపోలేదు. నీలం నక్షత్రం వేడి, ఎర్రది చల్లన. ఇనుములాంటివి ఎక్కువుంటే నీలం, అతినీలలోహిత కాంతిని అవి మింగేస్తాయి, ఆ ఫిల్టర్లో నక్షత్రం కాస్త మసకబారుతుంది. దీని వెనక భౌతికశాస్త్రం ఉంది. అత్తయ్య లెక్క వెనక ఏముందో అడిగే ధైర్యం మా వంశంలో ఎవరికీ లేదు.

అన్నట్టు, వీళ్ల భాషలో హైడ్రోజన్, హీలియం తప్ప మిగతావన్నీ లోహాలే. ఆక్సిజన్ కూడా! మా అత్తయ్యకి కూకట్‌పల్లి హాస్టల్లో ఉండే ప్రతివాడూ సాఫ్ట్‌వేరే, కాబట్టి ఇక్కడ నేను తప్పు పట్టను.

అసలు చిక్కు ధూళితో. మధ్యలో ధూళి ఉంటే వేడి నక్షత్రం కూడా ఎర్రగా కనబడుతుంది. అది నిజంగా చల్లనిదా, తెర వెనకున్న వేడిదా అని తేల్చలేక తల పట్టుకుంటారు. మన ఫోటో స్టూడియోల్లో ధూళి ఎదురు దిశలో పనిచేస్తుంది. ఎలాంటి అబ్బాయైనా రెండు షేడ్లు తెల్లబడి బయటికొస్తాడు. అత్తయ్య ఆ రెండు షేడ్లూ మనసులోనే తీసేస్తుంది. ఏ కంప్యూటరూ అక్కర్లేదు.

ఇంకోటి. పాలపుంత తొలినాళ్ల ముసలి నక్షత్రాలున్నాయి, సూర్యుడి ఇనుములో వెయ్యోవంతు కూడా లేనివి. అవి అరుదు. పాఠంలో పెద్దగా తగల్లేదు కాబట్టి కంప్యూటర్ వాటిని కూడా సగటు వైపు లాగి, పరవాలేదు, ఇనుము బాగానే ఉందంటుంది. అత్తయ్య కుదిర్చినవన్నీ హైటెక్ సిటీ సంబంధాలు. అందుకే శాసనాల మీద పరిశోధన చేసుకునే మా తమ్ముడి ఫోటో చూసి కూడా ప్యాకేజీ పద్దెనిమిది లక్షలంది. వాడి స్కాలర్‌షిప్ ఆర్నెల్లుగా రాలేదు.

ఇదే ఊళ్లో, బేగంపేట నిజామియా అబ్జర్వేటరీలో, వందేళ్ల కిందట ఫోటో పలకల మీద చుక్కల్ని ఒక్కొక్కటిగా కొలిచి ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు రాసిపెట్టారు. వాళ్లు ఏ చుక్క గుణగణాలూ ఊహించలేదు, కొలిచింది రాశారంతే. అక్కడికి కూతవేటు దూరంలో, అమీర్‌పేటలో, మెషీన్ లెర్నింగ్ కోచింగ్ బోర్డులు ఇప్పుడు ఆకాశాన్నే కనబడనివ్వవు.

ఇంతా చేసి ఈ శాస్త్రజ్ఞులు విద్యని చెడగొట్టారనే అంటాను. ప్రతి అంకె పక్కనా ఓ ప్లస్సూ మైనస్సూ తగిలిస్తారు. వేడి 5,700 డిగ్రీలని, మళ్లీ అటూ ఇటూ 100 అని. అంత నమ్మకం లేనివాళ్లు చెప్పడమెందుకు? మొన్న ఆ అలవాటు నాకూ అంటుకుని అడిగాను.

"అత్తయ్యా, అబ్బాయి బుద్ధిమంతుడన్నావుగా, అటూ ఇటూ ఎంత?"

ఆవిడ కళ్లజోడు పైకి తోసి నన్ను ఎగాదిగా చూసింది.

"అటూ ఇటూ అంటే ముహూర్తం ఎవడు పెడతాడ్రా?"