సవరణ: పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ గురించి నేను తప్పు చెప్పినవి

ఉద్యోగం చేసుకుంటూ కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ చేయడం గురించి పోయిన వారం రాస్తూ, "ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లోనే కానిచ్చేయొచ్చు, 8 ఏళ్ల గడువుంటుంది" అన్నాను. రెండూ తప్పే. కావలి నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, నీ మాట నమ్మి ఆన్‌లైన్ పీహెచ్‌డీకి డబ్బు కట్టబోయా" అన్నాడు. గుండె గుభేలుమంది.

పార్ట్‌టైమ్ వేరు, ఆన్‌లైన్ వేరు. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2022 నిబంధనల్లో పార్ట్‌టైమ్‌కి చోటుంది. దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో ఇచ్చే పీహెచ్‌డీ చెల్లదు. గడువు కనీసం 3 ఏళ్లు, గరిష్ఠం 6. నేను చెప్పిన 8, రీ-రిజిస్ట్రేషన్‌తో, అంటే మళ్లీ పేరు నమోదు చేసుకుంటే, దొరికే మరో 2 కలిపిన లెక్క. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవాళ్లకు 10 దాకా పోవచ్చు.

ఇంకోటి. "ఆఫీసు నుంచి ఎన్‌వోసీ పడేస్తే చాలు" అని తేలిగ్గా తేల్చేశాను. ఎన్‌వోసీ అంటే మనం చదువుకోవడానికి అభ్యంతరం లేదని ఆఫీసు ఇచ్చే కాగితం. నా కాగితమే ఒకసారి వెనక్కొచ్చిందని రాయడానికి మొహమాటపడ్డానేమో! నెల్లూరులో మా ఆఫీసువాళ్లు "అభ్యంతరం లేదు" అని ఒక్క ముక్క రాసి స్టాంపు కొట్టారు. అందులో మూడు మాటలుండాలి: పార్ట్‌టైమ్‌గా చదవడానికి అనుమతి ఉందని, ఉద్యోగం చేస్తూనే పరిశోధనకు సరిపడా సమయం దొరుకుతుందని, అవసరమైతే కోర్స్‌వర్క్‌కి (పీహెచ్‌డీలో భాగంగా చదవాల్సిన సబ్జెక్టులకి) డ్యూటీ నుంచి వదులుతామని. ఆ మూడోది రాయించేసరికి మా మేనేజర్‌తో ఎన్ని టీలు తాగానో లెక్కలేదు.

పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై పోతూ పరిశోధన పేపర్లు చదువుకోవచ్చని అప్పుడు రాసింది మాత్రం నిజమే, సీటు దొరికితే.