బదిలీ మీద వచ్చిన తిట్టు

సెర్బియా, బోస్నియా, క్రొయేషియాల్లో మనిషిని మూర్ఖుడనడానికి 'బుదల' ఒక్కటి చాలు. బల్గేరియా, మాసిడోనియాల్లోనూ చెల్లుతుంది. మన బురదకు చుట్టం కాదు. దీని వంశం చాలా పవిత్రమైనది.

అరబ్బీలో 'బదల్' అంటే ఒకరి స్థానంలో ఇంకొకరు. సూఫీల నమ్మకంలో లోకాన్ని నిలబెట్టే గుప్త మహాత్ములు కొందరుంటారు. 40 మంది అన్నది తరచుగా వినిపించే లెక్క. ఒకరు పోతే ఆ ఖాళీలోకి మరొకరు వస్తారు కాబట్టి వాళ్లకు 'బుదలా' అనీ 'అబ్దాల్' అనీ పేర్లు. రెండూ బహువచనాలే. ఆ ధాతువే ఉర్దూ మీదుగా మనకు 'బదులు', 'బదిలీ' ఇచ్చింది. జీవో కోసం ఎదురుచూడకుండా ఖాళీలు భర్తీ అయ్యే శాఖ ఏదైనా ఉంటే ఆ మహాత్ములదొక్కటే.

టర్కీ భాషకొచ్చేసరికి ఆ హోదా ఊడింది. లోకం పట్టని దర్వేషు, అంటే సూఫీ బైరాగి, జనానికి మొదట అమాయకుడిలా, తర్వాత వెర్రివాడిలా కనిపించాడు. 'అబ్దాల్' కూడా 'అప్తాల్'గా మారి అదే గతి పట్టింది. ఒట్టోమన్ టర్కుల పాలనలో ఈ దేశాలున్న బాల్కన్ ప్రాంతానికి చేరిన 'బుదల' అప్పటికే ఏకవచనం. అక్కడి స్లావ్ భాషల జనం దానికి మళ్లీ బహువచనం తగిలించి 'బుదలె' అన్నారు. 'పేరెంట్స్‌లు', 'షూస్‌లు' అనే మనకు నవ్వే హక్కు లేదు.

ఇక వాడే విధానం. సెర్బియన్‌లో ఎదుటివాణ్ని ప్రథమా విభక్తితో తిడితే గురి తప్పుతుంది. 'బుదల' అంటే అతని గురించి పక్కవాడికి చాడీ చెప్పినట్టుంటుంది. సంబోధన చేసి 'బుదలో!' అనాలి. ఘాటు చాలకపోతే 'బుదలో యెద్నా!' ఈ 'యెద్నా' అంటే 'ఒకతె'. మాట అకారంతో ముగిసింది కాబట్టి స్త్రీలింగపు దారిలో నడుస్తుంది. మీసం మెలేసినవాడికైనా సాధారణంగా మినహాయింపు లేదు. తిట్టుతో పాటు లింగమార్పిడి ఉచితం. మరీ ముదురు మూర్ఖుడైతే 'బుదలెతిన', అతను చేసే ఘనకార్యం 'బుదలాష్టిన'.

బల్గేరియన్లు నామవాచకాల విభక్తులన్నీ దాదాపుగా వదిలేసుకున్నారు. సంబోధన మాత్రం దాచుకున్నారు. దేవుణ్ని పిలవాలన్నా, 'బుదలో' అనాలన్నా అదొక్కటీ ఉండాలి కదా.