దేవుడికి గేట్‌పాస్

ప్రభుత్వ భవనంలోకి దేవుణ్ణి రానివ్వాలా వద్దా అని జనం ఇంకా కొట్టుకుంటున్నారు గానీ, ఆ సంగతి ఎప్పుడో తేలిపోయింది. రావచ్చు. నిక్షేపంగా రావచ్చు. కాకపోతే దేవుడిలా రాకూడదు. పండగ అలంకరణలా రావచ్చు, ప్రాచీన వారసత్వంలా రావచ్చు, పాతబడిన రాతిపలకలా వచ్చి చెట్టు కింద నిలబడొచ్చు. ‘నేను దేవుణ్ణి’ అని ఒక్కమాట నోరుజారితే మాత్రం రెక్క పట్టుకుని గేటు బయట దిగబెడతారు.

ఇది నా వెటకారం కాదు. పెద్ద పెద్ద న్యాయస్థానాలు ఏళ్లతరబడి తలలు పట్టుకుని తేల్చిన విషయం. ఆ తీర్పుల్ని నేను భక్తిశ్రద్ధలతో చదివాను. లౌకికమైన భక్తిశ్రద్ధలేనని మనవి.

అమెరికాలోని రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో పాటకెట్ అని ఒక ఊరుంది. అక్కడి నగరపాలక సంస్థ క్రిస్మస్‌కి పెట్టడానికి 1973లో బాలయేసు పశువుల పాక బొమ్మల్ని 1,365 డాలర్లకు కొన్నది. సర్కారు ఇలా మతం బొమ్మలు పెట్టకూడదని కొందరు కోర్టుకెక్కారు. ఆ వ్యాజ్యం ముదిరేనాటికి వాటి విలువ 200 డాలర్లకు పడిపోయిందని లెక్క కట్టారు. ఏటా నిలబెట్టి, విప్పి, సర్దడానికి ఇంకో 20 డాలర్లు. దేవుడి బొమ్మకు తరుగుదల లెక్కగట్టే నిష్ఠ ఏ మఠంలోనూ చూడలేం. అదంతా 1984లో అమెరికా సుప్రీంకోర్టు రికార్డుకెక్కింది. అయిదుగురు న్యాయమూర్తులు సరేనన్నారు, నలుగురు కాదన్నారు, బొమ్మలు నిలిచాయి. బాలయేసు ఒంటరిగా లేకపోవడం బాగా కలిసొచ్చింది. చుట్టూ శాంటా ఇల్లు, బండి లాగే జింకలు, ఒక విదూషకుడు, ఒక ఏనుగు, ఒక ఎలుగుబంటి ఉన్నాయి. మొత్తం కలిపి చూస్తే ఇది పండగ సంబరమే తప్ప మతప్రచారం కాదని కోర్టు భావించింది. లోకరక్షకుడి తరఫున ఎలుగుబంటి బొమ్మ పూచీకత్తు ఇచ్చిందన్నమాట. విసుగెత్తిన వాళ్లు దీనికి ‘ప్లాస్టిక్ జింకల సూత్రం’ అని పేరు పెట్టారు. ఒప్పుకోని నలుగురిలో ఒకరైన జస్టిస్ బ్లాక్‌మన్, ఈ గెలుపు కోసం ఆ బొమ్మల్లోని పవిత్రతనే వదులుకున్నారు కదా అని బాధపడ్డారు. ఓడినవాడు గెలిచినవాణ్ణి చూసి జాలిపడ్డ కేసు ఇదొక్కటే కాబోలు.

అయిదేళ్ల తర్వాత, 1989లో, అదే దేశంలోని పిట్స్‌బర్గ్‌వాళ్లకి జింకలు తేవాలని తట్టలేదు. కోర్టు భవనంలో అందరి కళ్లూ పడే ప్రధాన మెట్ల మీద పాక బొమ్మలు పెట్టి, చుట్టూ ఎర్రటి పూలకుండీలు అమర్చారు. పూలు దిష్టి తీస్తాయనుకున్నారేమో పాపం. ఆ పూల చట్రం బొమ్మల్లోని మతసందేశాన్ని ఇంకా ఎత్తి చూపిస్తోందని కోర్టు తేల్చి బొమ్మల్ని కాదంది. కొద్ది దూరంలో ఇంకో ప్రభుత్వ భవనం ముందు యూదుల దీపస్తంభం పెట్టారు. అది 18 అడుగులుంది. దాని పక్కనే 45 అడుగుల క్రిస్మస్ చెట్టు, చెట్టు కింద స్వేచ్ఛకు వందనమంటూ మేయర్‌గారి పేరుతో బోర్డు. దీపస్తంభం ఉండొచ్చన్నారు. దీన్నుంచి నేను నేర్చుకున్నదేమిటంటే, దేవుడు ఎంత ఎత్తున్నా ఫరవాలేదు, పక్కన అంతకంటే ఎత్తయినది ఏదో ఒకటి ఉండాలి. దాని కింద మేయర్ పేరు ఉంటే మరీ క్షేమం.

2005 జూన్ 27న ఇదే కోర్టు ఒకే పూట రెండు తీర్పులిచ్చింది. రెండూ బైబిల్లోని పది ఆజ్ఞల గురించే, రెండూ 5–4 తేడాతోనే. టెక్సస్ శాసనసభ ఆవరణలో ఉన్న రాతిపలక ఉండొచ్చు. కెంటకీ కోర్టుల గోడలకు తగిలించిన పటాలు ఉండకూడదు. రెండింట్లోనూ గెలిచిన పక్షాన ఉన్నది జస్టిస్ బ్రేయర్ ఒక్కరే. టెక్సస్ పలక నలభై ఏళ్లుగా అక్కడ ఉన్నా ఎవరూ కోర్టుకెక్కలేదన్నది ఆయనకు గట్టి కారణంగా తోచింది. కెంటకీలో మాత్రం కేసు పడ్డాక హడావుడిగా పటాల పక్కన వేరే పత్రాలు తెచ్చి తగిలించారు. రెండోసారి మార్చినప్పుడు రాజు అధికారానికి హద్దులు గీసిన పాత ఇంగ్లండు పత్రం మాగ్నా కార్టా కూడా వచ్చి చేరింది. ఆలస్యంగా తోలుకొచ్చిన జింకలు చెల్లవు.

యూరప్ సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. ఇటలీ బడిగదుల్లోని శిలువల మీద ఒక తల్లి మానవ హక్కుల కోర్టుకెళ్తే, 2009లో అవి తప్పన్నారు. 2011లో పెద్ద ధర్మాసనం దాన్ని తిరగేసి 15–2 తేడాతో తప్పు లేదంది. గోడ మీది శిలువ ‘నిష్క్రియ చిహ్నం’ అని చెప్పింది. అంటే ఏమీ చేయదని. మీ దేవుడివల్ల ఎవరికీ ఏమీ కాదని న్యాయమూర్తులు అంటుంటే భక్తులు చప్పట్లు కొట్టారు! 2018లో జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో ముఖ్యమంత్రి జోడర్ ప్రతి ప్రభుత్వ కార్యాలయం ప్రవేశద్వారం దగ్గరా శిలువ తగిలించాలని ఉత్తర్వు తెచ్చి, ఇది మతచిహ్నం కాదు, మన అస్తిత్వానికి గుర్తు అని సెలవిచ్చారు. అభ్యంతరం చెప్పినవారిలో ఆ మతం పెద్దే ఉన్నారు. శిలువను ఉత్త సంస్కృతిగా చూస్తే దాన్ని అర్థం చేసుకోనట్టేనని కార్డినల్ మార్క్స్ అన్నారు. దేవుడు కరుణించినా పూజారి కరుణించడంటారు గదా, ఇక్కడ సర్కారు కరుణిస్తే పూజారి వద్దన్నాడు.

గోడలకు చెవులుంటాయని చిన్నప్పటినుంచీ వింటున్నాం. మతం కూడా ఉంటుందని ఇప్పుడు తెలుస్తోంది. చిక్కల్లా ఆ గోడ కింద కూర్చునే మనిషికి ఉంటేనే. అదే బవేరియాలో న్యాయమూర్తులు తలగుడ్డలాంటి మతచిహ్నాలు ధరించరాదన్న నిషేధాన్ని 2019లో రాష్ట్ర రాజ్యాంగ న్యాయస్థానం సమర్థించింది. మరి కోర్టుగదిలో ఆ శిలువ ఏమిటంటే, దాన్ని పెట్టింది కోర్టు యంత్రాంగం, న్యాయమూర్తి కాదు కాబట్టి అది వేరు అన్నారు. తలమీది గుడ్డ పక్షపాతి, తలపైని శిలువ నిష్పక్షపాతి.

ఫ్రాన్స్‌లో 2004 చట్టం ప్రకారం సర్కారు బడిపిల్లలు కొట్టొచ్చినట్టు కనబడే మతచిహ్నాలు వేసుకోకూడదు, చిన్నవైతే ఫరవాలేదు. విశ్వాసాన్ని టేపు పెట్టి కొలవొచ్చని దీనివల్ల రుజువైంది. 2015లో ఒక ముస్లిం అమ్మాయిని పావడా మరీ పొడుగైందని ఇంటికి పంపేశారు. పావడాలో దేవుడు ఎన్ని అంగుళాల దగ్గర మొదలవుతాడో ఆ చట్టంలో రాయలేదు.

కెనడాలోని క్విబెక్‌వాళ్లు నిజాయితీపరులు, ఒప్పుకోవాలి. వాళ్ల శాసనసభలో స్పీకర్ కుర్చీ పైన 1936 నుంచి శిలువ ఉండేది. 2008లో దాన్ని తీసేయమని ఒక కమిషన్ సిఫార్సు చేస్తే, నివేదిక బయటికొచ్చిన రోజునే సభ ఏకగ్రీవంగా ఉంచేద్దామని తీర్మానించింది. 2019 జూన్‌లో టీచర్లు, పోలీసులు పనివేళల్లో మతచిహ్నాలు ధరించరాదని చట్టం చేశాక, జూలైలో శిలువనీ దింపారు. చట్టానికి ముందునుంచీ పనిచేస్తున్న టీచర్లకు మినహాయింపు ఇచ్చారు, అదే పదవిలో ఉన్నంతకాలం. పదవి మారితే మినహాయింపు పోతుంది. మోక్షమా ప్రమోషనా అన్న ప్రశ్నను వేదాంతులు ఇంత సూటిగా ఎన్నడూ అడగలేదు.

ఆస్ట్రియాలో ఒకాయన, నా మతం ప్రకారం నెత్తిన చిల్లుల గిన్నె పెట్టుకోవాలని పట్టుబట్టి, 2011లో ఆ ఫొటోతోనే డ్రైవింగ్ లైసెన్సు సంపాదించాడు. అధికారులు మాత్రం ఇది మతానికిచ్చిన అనుమతి కాదు, మొహం స్పష్టంగా కనబడుతోంది కాబట్టి ఇచ్చామన్నారు. నేను చూసినంతలో దేవుడి ఊసే లేకుండా ముగిసిన మతవివాదం అదొక్కటే.

వీటన్నిటినీ కలిపి దేవుళ్లకు ఒక గేట్‌పాస్ ఫారం తయారుచేద్దామని కూర్చున్నాను. ఎత్తు, వయసు, వెంట వచ్చే జంతువులు, నిష్క్రియుణ్ణేనని ధ్రువీకరణ. అంతా బాగానే కుదిరింది గానీ మన దేశపు కేసు ఒకటి ఏ గడిలోనూ పట్టడం లేదు. 1985లో కేరళలో యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖ కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడేటప్పుడు లేచి నిలబడేవాళ్లు, పాడేవాళ్లు కాదు. తమ దేవుడికి తప్ప ఇంకెవరికీ స్తుతి పాడకూడదని వాళ్ల నమ్మకం. విషయం శాసనసభ దాకా వెళ్లింది. విచారణ జరిపితే పిల్లలు బుద్ధిమంతులనీ, గీతాన్ని అవమానించలేదనీ తేలింది. అయినా బడిలోంచి పంపేశారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వాళ్లని మళ్లీ చేర్చుకోమంది. తీర్పు రాసింది మన తెలుగాయనే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. మన సంప్రదాయం, తత్వం, రాజ్యాంగం అన్నీ సహనం వైపే ఉన్నాయి, దాన్ని పలచన చేయొద్దని చివర్లో రాశారు.

ఈ దేవుడికి బొమ్మ లేదు, పూలకుండీ లేదు, ఎలుగుబంటి పూచీ అసలే లేదు. వెంట తెచ్చిందల్లా మౌనం. నోరు మెదపకుండా నిలబడ్డ ముగ్గురు పిల్లల్ని చూసి అంత యంత్రాంగం కదిలిందంటే, నిష్క్రియుడన్న గడిలో టిక్కు పెట్టడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఫారం అక్కడే ఆగింది. ఆయన మాత్రం ఆ పిల్లల వెనకే బడిలోకి వెళ్లిపోయినట్టున్నాడు. గేటు దగ్గర రిజిస్టరులో సంతకం కూడా లేదు.